తరమణియా, అయపాక్కమా? లెక్కల పిల్లలకు ఏది మేలు

ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, ప్రాబబిలిటీ మీద మోజుతో అంటువ్యాధుల వైపు వెళ్దామనుకునే మన పిల్లలకి చెన్నైలో రెండు గుమ్మాలు కనిపిస్తాయి. ఒకటి తరమణిలో మ్యాట్‌సైన్స్, అంటే గణిత శాస్త్రాల సంస్థ. రెండోది ఊరికి ఆ కొసన అయపాక్కంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, అంటే జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చూసే సంస్థ. పీహెచ్‌డీ వరకు నా ఓటు తరమణికే. ఆ తరవాత కాదు.

తరమణిలో దొరికేది పునాది. 1962లో ఆ సంస్థను పెట్టిన అల్లాడి రామకృష్ణన్ స్వయంగా స్టోకాస్టిక్ ప్రక్రియల (కాలంతో పాటు యాదృచ్ఛికంగా మారే వాటి గణితం) మనిషి, మాంచెస్టర్‌లో గణాంక శాస్త్రవేత్త బార్ట్‌లెట్ దగ్గర పరిశోధన చేశారు. ఆ బార్ట్‌లెట్టే 1957లో తట్టు సంగతి తేల్చాడు: సుమారు రెండున్నర, మూడు లక్షల కంటే తక్కువ జనాభా ఉన్న ఊళ్లలో తట్టు దానంతటదే ఆరిపోతుంది, బయటినుంచి ఎవరో తెస్తేనే మళ్లీ రాజుకుంటుంది. మామూలు డిఫరెన్షియల్ సమీకరణంలో ఇది కనబడదు. అక్కడ రోగుల సంఖ్య 0.001కి పడిపోయినా సున్నా కాదు, ఆ వెయ్యో వంతు మనిషి నుంచే జబ్బు మళ్లీ ఊరంతా పాకుతుంది! మనుషుల్ని మనుషులుగా లెక్కపెట్టాలంటే బ్రాంచింగ్ ప్రాసెస్‌లు (ఒక్కో రోగి ఎందరికి అంటిస్తాడన్నది యాదృచ్ఛికంగా తీసుకునే లెక్క), మార్టింగేళ్లు (న్యాయమైన జూదంలా సగటున పెరగని, తరగని క్రమాలు) ఒంటబట్టాలి. ఉద్యోగంలో చేరాక సాయంత్రాలు తిరగేస్తే వచ్చే విద్య కాదది.

అయపాక్కంలో ఉన్నది డేటా. 2020 మే, జూన్‌లలో 70 జిల్లాల్లో 28,000 మందికి రక్తపరీక్ష చేసిన జాతీయ కోవిడ్ సీరో సర్వేను (ఎందరికి ఇప్పటికే సోకిందో యాంటీబాడీలతో తేల్చే సర్వే) నడిపింది వీళ్లే. డేటా పక్కన కూర్చుంటే ఏమొస్తుందో చూడాలంటే మెక్‌కెండ్రిక్‌ని చూడాలి. మన దేశంలో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టరు. 1926 నాటి పేపర్లో ఒక భారతీయ గ్రామపు కలరా లెక్క తీసుకున్నాడు. 223 ఇళ్లు: 32 ఇళ్లలో ఒక్కరికి, 16 ఇళ్లలో ఇద్దరికి, 6 ఇళ్లలో ముగ్గురికి, ఒక ఇంట్లో నలుగురికి సోకింది. 168 ఇళ్లలో ఎవరికీ రాలేదు. రోగులున్న ఇళ్లకి పాయిసాన్ సూత్రం (అరుదైన ఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో చెప్పే సంభావ్యతా సూత్రం) పెట్టి చూస్తే, ప్రమాదం ఉండీ తప్పించుకున్న ఇళ్లు 40కి లోపే తేలాయి. జబ్బు సోకిన 55 ఇళ్లనూ వాటితో కలిపితే 93. అంటే ఆ 93 ఇళ్లవాళ్లు ఒకే పాడైన బావి నీళ్లు తాగి ఉంటారు, మిగతావాళ్ల నీళ్లు వేరు. ఇంత చేసిన డాక్టరు ఆ పేపరు అచ్చు వేయించింది ఎడిన్‌బరో మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో!

అసలు టెన్షన్ కెరీర్ దగ్గర. మ్యాథ్స్ పేపర్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. ఆరోగ్యం పేపర్లో ఇరవై పేర్లున్నా మొదటిదానికీ చివరిదానికీ విలువ. మధ్యలో ఇరుక్కున్న లెక్కల మనిషిని మ్యాథ్స్ సెలక్షన్ కమిటీ “ఇందులో నీ సిద్ధాంతం ఏది?” అంటుంది. ఆరోగ్య సంస్థ “దీంతో జిల్లా అధికారికి ఏం ఉపయోగం?” అంటుంది. “అయితే రెండు పడవల మీద కాళ్లేనా బాబాయ్?” అంది మా అన్నయ్య కూతురు. ఒకేసారి కాదమ్మా. పీహెచ్‌డీలో సొంత సిద్ధాంతం ఒకటి రుజువు చేసుకుని, పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తరవాతి పరిశోధన ఉద్యోగానికి) ఆరోగ్య సంస్థకి వెళ్లు, అక్కడ మొదటి పేరు నీదయ్యే పని ఒక్కటైనా అడుగు.

బెంగళూరూ ఉంది. ఐఐఎస్సీ వాళ్లు టీఐఎఫ్‌ఆర్‌తో కలిసి బెంగళూరు, ముంబై నగరాల కోవిడ్ సిమ్యులేటర్, అంటే జబ్బు ఊళ్లో ఎలా పాకుతుందో కంప్యూటర్లో ఆడించి చూసే నమూనా, కట్టారు. కోడింగ్ ఇష్టమైతే అటు చూడొచ్చు. స్టైపెండ్ గురించి ఇంట్లో వాదించుకోకండి, జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, ఏ గుమ్మం తొక్కినా పెద్ద తేడా ఉండదు.