సిగ్విన్‌లో ఫోర్క్: 2011 నుంచి వాడుతున్న మనిషి మాట

ఆఫీసులో విండోస్ తప్పదు, నాకేమో లినక్స్‌లో కమాండ్లు కొట్టే బ్యాష్ షెల్ లేకపోతే చెయ్యి ఆడదు. అందుకే విండోస్ మీదే లినక్స్ తరహా కమాండ్లు నడిపించే సిగ్విన్‌ను 2011 నుంచి వాడుతున్నాను. గ్రెప్, ఆక్, ఆర్‌సింక్ లాంటి కమాండ్లన్నీ అలవాటైన తీరులోనే పనిచేస్తాయి, వాటి మీద ఒక్క ఫిర్యాదూ లేదు. చెప్పాల్సిందంతా కొత్త ప్రాసెస్, అంటే నడిచే ప్రోగ్రామ్, పుట్టే చోట ఉంది.

నడుస్తున్న ప్రాసెస్ (పేరెంట్) తనలాంటిదే ఇంకొకటి (చైల్డ్) పుట్టించడమే ఫోర్క్. లినక్స్‌లో అది తేలిక. పేరెంట్ మెమరీని అప్పటికప్పుడు కాపీ చేయదు, ఇద్దరిలో ఎవరైనా ఒక పేజీలో రాస్తేనే దానికి కాపీ తీస్తుంది. విండోస్ ప్రోగ్రాములు వాడే విన్32లో అలాంటి కాల్ లేదు. అక్కడున్న క్రియేట్‌ప్రాసెస్ కాల్ ప్రోగ్రామ్‌ను మొదటి నుంచే లేపుతుంది. అందుకని సిగ్విన్ ముందు చైల్డ్‌ను ఆపిన స్థితిలో పుట్టించి, పేరెంట్ మెమరీలోని డేటా, హీప్, స్టాక్ భాగాలను అందులోకి కాపీ చేసి, పేరెంట్ ఉన్న చోటి నుంచే దాన్ని నడిపిస్తుంది. డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) కూడా పేరెంట్‌లో ఉన్న అడ్రసుల్లోనే కూర్చోవాలి. ఇంత తతంగం ఒక చిన్న సెడ్ కమాండ్ కోసం!

ఈ బరువు నాకు ఒక లాగ్ స్క్రిప్ట్‌తో తెలిసొచ్చింది. కొన్ని వేల ఫైళ్లు, ఒక్కోదానికీ ఒక బేస్‌నేమ్, ఒక సెడ్, ఒక కట్. లినక్స్ సర్వర్‌లో కళ్ల ముందే అయిపోయే పని ఇక్కడ నేను భోంచేసి వచ్చినా నడుస్తూనే ఉంది. బేస్‌నేమ్ తీసేసి, వేరియబుల్ పేరు పక్కన రెండు హాష్‌లు పెట్టి ఆ పని బ్యాష్‌తోనే చేయించాను. సెడ్, కట్ రెండింటినీ ఒకే ఆక్‌లో కలిపి, ఫైళ్లన్నీ ఒక్కసారే దానికి ఇచ్చాను. ఫైండ్‌లో ఎగ్జెక్ చివర సెమీకోలన్ బదులు ప్లస్ పెట్టాను, దాంతో ఒక్కో ఫైలుకూ ఒక ప్రాసెస్ పుట్టే బాధ తప్పింది. రెండు నిమిషాల్లో తేలిపోయింది.

సొంతంగా సీ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఫోర్క్, ఎగ్జెక్ (చైల్డ్‌లో కొత్త ప్రోగ్రామ్ నింపే కాల్) జంట బదులు, ఆ రెండు పనులూ ఒకేసారి చేసే స్పాన్ వాడండి. అది క్రియేట్‌ప్రాసెస్‌కు నేరుగా సరిపోతుంది. కంపైలర్ డ్రైవర్‌లో ఆ ఒక్క మార్పుతో కంపైలేషన్ వేగం 20 నుంచి 30 శాతం పెరిగిందని సిగ్విన్ యూజర్ గైడ్‌లోనే ఉంది. ఫోర్క్‌కు తేలిక రూపమైన వీఫోర్క్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, ఇక్కడ అదీ మామూలు ఫోర్కే.

నన్ను బాగా టెన్షన్ పెట్టింది 32 బిట్ రోజుల్లో ఒక రిలీజ్ రాత్రి. ఆఫీసు యాంటీవైరస్ అప్‌డేట్ అయింది, అది ప్రతి ప్రాసెస్‌లోకీ తన డీఎల్‌ఎల్‌ను దూర్చడం మొదలుపెట్టింది. అడ్రసులు ఢీకొన్నాయి. ఏ కమాండ్ కొట్టినా ‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్’. సిగ్విన్ విండోలు, సర్వీసులు అన్నీ ఆపేసి, డ్యాష్ అనే చిన్న షెల్ ఒక్కటే తెరిచి, డీఎల్‌ఎల్‌ల అడ్రసులు సర్దే రీబేస్‌ఆల్ నడిపితే గానీ దారికి రాలేదు. 64 బిట్‌కు మారాక అడ్రసులకు చోటు పెరిగింది, ఆ బెడద నాకు దాదాపు పోయింది. రీబేస్ కూడా ఇప్పుడు సిగ్విన్ సెటప్పే చేసుకుంటుంది.

విండోస్‌లోనే లినక్స్ నడిపేందుకు 2019లో ప్రకటించిన డబ్ల్యూఎస్‌ఎల్ 2లో నిజమైన లినక్స్ కెర్నలే ఉంది, కాబట్టి ఫోర్క్ కూడా నిజమైనదే. కంపైల్ చేసే ముందు వందల చిన్న పరీక్షలు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టులన్నీ అక్కడికే మార్చేశాను. కానీ అక్కడి నుంచి సీ డ్రైవ్ ఫైళ్లను ముట్టుకుంటే నెమ్మది. నా లాగ్‌లన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి, అందుకే పొద్దున రాగానే ఇప్పటికీ ముందు తెరిచేది సిగ్విన్ విండోనే.