ఏఆర్‌టీ మందులు: డాక్టర్ మాట, మన మాట, ఇద్దరి మాట... ఏది మేలు?

వైద్యంలో నిర్ణయం ఎవరిదై ఉండాలని రోగి కోరుకుంటున్నాడో తెలుసుకోడానికి పరిశోధకులు ఐదు కార్డులు చూపిస్తారు. మొదటి కార్డులో నిర్ణయం రోగిదే. ఐదోదాంట్లో మొత్తం డాక్టర్‌దే. నడుమ కార్డులో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. హెచ్‌ఐవీని అణచిపెట్టే మందులు (ఏఆర్‌టీ) ఇచ్చే సెంటర్లో ఆ కార్డులు ఎవరూ చూపించరు. కానీ "మీరెలా చెబితే అలాగే డాక్టర్ గారూ" అని తలూపితే ఐదో కార్డు తీసుకున్నట్టే. ఆ తలూపడం కొన్నిచోట్ల సబబే, కొన్నిచోట్ల చేటు.

డాక్టర్‌కే వదిలేయాల్సిన సంగతులు నిజంగానే ఉన్నాయి. మెదడు పొరలకు టీబీ సోకినా, క్రిప్టోకాకల్ మెనింజైటిస్ (అదే పొరలకు ఫంగస్ వల్ల వచ్చే జబ్బు) వచ్చినా ముందు దానికి వైద్యం చేసి, కొన్ని వారాలు ఆగాకే ఏఆర్‌టీ మొదలుపెడతారు. తొందరపడితే తేరుకుంటున్న రోగనిరోధక శక్తే మెదడులో వాపు పెంచి ప్రాణం మీదికి తెస్తుంది. "ఏఆర్‌టీ ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదు?" అని అడగొచ్చు, కానీ ఆ గడువు తగ్గించమని పట్టుబట్టకూడదు. మందు ఎంపిక కూడా అంతే. ప్రభుత్వ సెంటర్లలో పెద్దవాళ్లకు మొదట ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. మంచి మందు.

ఇక రోగి ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా తీసుకునే నిర్ణయం. ఇది చాలాసార్లు "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అన్న దగ్గర మొదలవుతుంది. మందు ఆపిన కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. తోచినప్పుడు వేసుకుని, తోచనప్పుడు మానేస్తే వైరస్ మందుకు లొంగని స్థితికి చేరవచ్చు. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ముప్పు మరింత ఎక్కువ. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నూ అణచిపెడుతుంటాయి కాబట్టి, హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు. మూడు దారుల్లో దీన్ని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వలేం.

మిగిలిందంతా ఇద్దరి మాటే, అసలు పని జరిగేది ఇక్కడే. మాత్ర ఏ వేళకు? రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు, పొద్దున్నే పొలానికి వెళ్లేవాళ్లకు ఒకే వేళ కుదరదు. డోలుటెగ్రావిర్ వల్ల నిద్ర పట్టకపోతే పొద్దుటికి మార్చుకోవచ్చు, కానీ ఆ సంగతి డాక్టర్‌కు తెలియాలి. గర్భిణికి ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్లలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. వాటిని, టీఎల్‌డీని భోజనంతో పాటు ఒకేసారి వేసుకోవాలి, లేదంటే టీఎల్‌డీని వాటికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేసుకోవాలి. గ్యాస్‌కు వాడే అల్యూమినియం, మెగ్నీషియం మందులకు మాత్రం భోజనంతో కలిపినా మినహాయింపు లేదు, ఎప్పుడూ ఆ ఎడం పాటించాల్సిందే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే రోజుకు 1000 మి.గ్రా. దాటకూడదు. టీబీకి రిఫాంపిసిన్ మొదలైతే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు మరో 50 మి.గ్రా. డోలుటెగ్రావిర్ కావాలి. రోగి మెడికల్ షాపులో ఏం కొంటున్నాడో డాక్టర్‌కు తెలియదు. ఆ సగం సమాచారం రోగి దగ్గరే ఉంది.

మందు ఎక్కడ తీసుకోవాలన్నదీ అలాంటిదే. ఇంటికి దగ్గరగా లింక్ ఏఆర్‌టీ (పెద్ద సెంటర్‌కు అనుబంధంగా మందులిచ్చే కేంద్రం) ఉంటే బస్సు ఛార్జీ, ఒకరోజు కూలీ మిగులుతాయి. కానీ అక్కడ తెలిసినవాళ్లు కనబడతారేమోనన్న భయముంటే దూరమైనా పాత సెంటరే నయం. అది లెక్కల్లో తేలే సంగతి కాదు, ఆ భయాన్ని మనసు విప్పి చెప్పుకోవాలి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లు ఒకేసారి మూడు నెలల మందు ఇస్తారా అని అడగాలి.

ఒక విషయంలో మాత్రం మొదటి మాట రోగిదే: ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం పరీక్షకైనా, చికిత్సకైనా రోగి తెలిసి ఇచ్చిన సమ్మతి కావాలి. భాగస్వామికి చెప్పడానికి డాక్టర్‌కు ఇచ్చిన వీలు కూడా షరతులతోనే. ముందు రోగికి కౌన్సెలింగ్ జరగాలి, తాను చెప్పబోతున్నట్టు రోగికి తెలపాలి. చెబితే దెబ్బలు తినాల్సి వస్తుందనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయమున్న మహిళ తన భాగస్వామికి చెప్పి తీరాలన్న నియమం లేదు.

ఉన్న కొద్ది నిమిషాల్లో ఇవన్నీ మాట్లాడటం కష్టం. అందుకే లోపలికి వెళ్లేముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఈ నెల ఎన్ని మాత్రలు తప్పాయి, వేరే మందులేవి వాడుతున్నారు, ఏది ఇబ్బంది పెడుతోంది. తప్పిన మాత్రల సంఖ్య దాచకండి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) మి.లీ.కు 1000 కాపీలు దాటితే ముందుగా మాత్రలు ఎందుకు తప్పుతున్నాయో చూసి, సరిదిద్దాక మళ్లీ పరీక్ష చేస్తారు. అక్కడ అబద్ధం చెబితే, పనిచేస్తున్న మందునే మార్చేయాల్సి రావచ్చు. డాక్టర్‌తో అనలేనిది కౌన్సెలర్‌తో అనండి, అదీ కుదరకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.