మీటర్ మంచిదన్న వాల్వ్‌ని స్కోప్ పట్టించింది: నాలుగేళ్ల వాడకం తర్వాత

విజయనగరంలో మాది చిన్న షెడ్డు. పికప్ వ్యాన్లు, కార్లు చూస్తాం. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చిన దగ్గర్నుంచి ఇంజెక్టర్ బైకులూ వస్తున్నాయి. రెండు ఛానళ్ల చేతి స్కోప్ (వోల్టేజ్, కరెంట్ క్షణక్షణం ఎలా మారుతున్నాయో తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్), దానికి వైరుని దవడలా పట్టుకుని కరెంట్ కొలిచే డీసీ క్లాంప్ కొని నాలుగేళ్లయింది. మొదటి ఆరు నెలలూ పెట్టెలోంచి తీసిందే తక్కువ.

ఇప్పుడు సోలినాయిడ్ (కరెంట్ ఇస్తే కాయిల్ అయస్కాంతమై లోపలున్న ప్లంజర్ అనే కడ్డీని లాగేది) మీద అనుమానం వస్తే ముందు దీన్నే తీస్తున్నా. మల్టీమీటర్ ఓమ్స్ చూపిస్తుంది, అంటే కాయిల్ తెగలేదంటుంది. లోపల ప్లంజర్ కదిలిందో ఇరుక్కుందో దానికేం తెలుసు?

పెట్రోల్ ఇంజెక్టర్ కూడా సోలినాయిడే, ఇంజిన్‌కి పెట్రోల్ చిమ్ముతుంది. దాని వైరుకి క్లాంప్ పెట్టండి. పల్స్ రాగానే కరెంట్ ఒక్క గెంతులో పైకి పోదు, ఇండక్టెన్స్ (కరెంట్ మార్పుకి కాయిల్ అడ్డుపడే గుణం) వల్ల వంపు తిరిగి ఎక్కుతుంది. ఎక్కుతుండగా మధ్యలో చిన్న నొక్కు పడుతుంది. ప్లంజర్ కదిలినప్పుడు కాయిల్‌లో పుట్టే ఎదురు వోల్టేజ్ చేసే పని అది. నొక్కు లేదంటే ప్లంజర్ కదల్లేదేమో చూసుకోవాలి. ఆలస్యంగా పడితే బిగుస్తోందన్నమాట. బ్యాటరీ వీకైనా ఆలస్యమవుతుంది కాబట్టి నాలుగు సిలిండర్లవీ పక్కపక్కన పెట్టి చూస్తా. సాలూరు డ్రైవరొకాయన తెర చూసి, "ఇదేటన్నా, మన ఘాట్ రోడ్డులాగుంది" అన్నాడు.

క్లాంప్‌తో మాత్రం విసుగే. జీరో నిలవదు, ప్రతిసారీ సరిచేసుకోవాలి. ఎండలో మరీ ఘోరం. ఈ ఇంజెక్టర్ల కాయిల్ 12 నుంచి 16 ఓమ్స్, కరెంట్ ఆంపియర్ దగ్గరే ఆగిపోతుంది. అంత చిన్నది నా క్లాంప్‌కి ఆనదు. అందుకని ఒక జంపర్ వైరు చేసి, దవడలోంచి పది చుట్లు తిప్పా. రీడింగ్ పదింతలు వస్తుంది, పదితో భాగించుకోవడమే.

దీని డబ్బులు తీరింది ఒక డీజిల్ వ్యాన్‌తో. ఐడిల్‌లో ఇంజిన్ ఊగుతోంది, మేం హంటింగ్ అంటాం. వేరేచోట రైల్ ప్రెజర్ సెన్సర్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందించే గొట్టంలో ఒత్తిడి కొలిచేది) మార్చి పంపారట, తగ్గలేదు. పంపుకి ఎంత డీజిల్ పోవాలో చూసే మీటరింగ్ వాల్వ్ ఓమ్స్ సరిగ్గానే ఉన్నాయి. ఒక ఛానల్ ఆ వాల్వ్ కరెంట్‌కి, రెండోది ప్రెజర్ సెన్సర్ సిగ్నల్‌కి పెట్టి, తెర వేగం బాగా తగ్గించా. ఆ పంపులో కరెంట్ పెరిగితే డీజిల్ తగ్గుతుంది. ప్రెజర్ కావలసినదానికంటే ఎక్కువుంది, ఈసీఎమ్ (ఇంజిన్ కంప్యూటర్) కరెంట్ మెల్లమెల్లగా పెంచుతోంది, ప్రెజర్ ఉలకదు పలకదు. ఇంకొంచెం పెంచింది. అప్పుడు ఒక్కసారిగా ప్రెజర్ కూలబడింది. ఇక ఈసీఎమ్ కరెంట్ దించుకుంటూ పోవడం, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు, మళ్లీ గెంతు. వాల్వ్ అంటుకుని ఊడుతోంది. తప్పు పేరుకునేకొద్దీ సవరణ పెంచుతూ పోవడమే ఆ కంట్రోల్ పని, వాల్వ్ అంటుకుంటే ఆ పట్టుదలే ఊగిసలాట అవుతుంది. వాల్వ్ మార్చాం, గీత సాఫీ అయింది.

ఇంకో సంగతి తెలిసొచ్చింది. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల కాయిల్ 100కి వేడెక్కితే ఇంచుమించు 31 శాతం. అదే వోల్టేజ్‌కి కరెంట్ దాదాపు 24 శాతం పడిపోతే వాల్వ్ తెరుచుకోవడం మారిపోదూ! అందుకే ఇలాంటి వాల్వులకి ఈసీఎమ్ కరెంట్‌ని తానే కొలుచుకుని పల్స్ వెడల్పు (ప్రతిసారీ వోల్టేజ్ ఇచ్చి ఉంచే సేపు) సర్దుకుంటుంది. చిక్కల్లా అదే. వాల్వ్ కొంచెం పాడైనా సర్దేస్తుంది కాబట్టి స్కానర్‌లో లోపం చెప్పే కోడ్ రాదు. మంచి బండ్ల స్కోప్ గీతల బొమ్మలు వేడి మీదవీ చల్లగా ఉన్నప్పటివీ సేవ్ చేసుకోవడం అలా అలవాటైంది.

కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్ల జోలికి దీంతో పోను. అక్కడ ఈసీఎమ్ కరెంట్‌ని గబగబా ఆపుతూ ఇస్తూ నిలబెడుతుంది, ఆ రంపపు పళ్లలో నొక్కు వెతకడం నా వల్ల కాలేదు. వాటిని టెస్ట్ బెంచ్ ఉన్నచోటికే పంపుతా.

క్లాంప్ దవడ పోయినేడు కిందపడి పగిలింది, టేపు చుట్టి వాడుతున్నా. మళ్లీ కొంటే స్కోప్ ఇదే, క్లాంప్ మాత్రం చిన్న కరెంట్లు చూసే రకం తీసుకుంటా.