రెండు శాస్త్రాలు ఒక్కరే నేర్వాలా, ఇద్దరు కలవాలా: ఏది మేలు?

ఒక్క శాస్త్రానికి లొంగని సమస్య ఎదురైతే దారులు రెండు. కావలసిన శాస్త్రాలన్నీ ఒకే పరిశోధకుడు నేర్చుకోవడం ఒకటి, ఒక్కోదాంట్లో ఆరితేరినవాళ్లు జట్టుకట్టడం రెండోది.

మొదటి దారికి గణితవేత్త డి.డి. కోసంబి మంచి ఉదాహరణ. చేతులు మారేకొద్దీ నాణెం అరిగి బరువు తగ్గుతుంది. ఆ అరుగుదలను గణాంకశాస్త్రంతో లెక్కగట్టి, తక్షశిలలో దొరికిన పాత నాణేల చరిత్రను ఆయన చదవబోయారు. అలాంటి ఆలోచన పుట్టాలంటే చరిత్ర మీద ఆసక్తి, లెక్కల మీద పట్టు ఒకే తలలో ఉండాలి. ఒకరికొకరు వివరించుకునే శ్రమ కూడా ఉండదు. కానీ రెండో శాస్త్రంలో పొరపాటు చేస్తే పక్కనుండి పట్టుకునేవారు ఉండరు.

జట్టు సత్తా తెలియాలంటే అల్వారెజ్‌ల కథ చూడాలి. ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాయి పొరల మధ్య, డైనోసార్లు అంతరించిన కాలం నాటి సన్నని బంకమట్టి పొర ఉంది. అది ఏర్పడడానికి ఎంతకాలం పట్టిందన్నది భూగర్భ శాస్త్రవేత్త వాల్టర్ ప్రశ్న. ఆయన తండ్రి, భౌతిక శాస్త్రవేత్త లూయిస్, అంతరిక్ష ధూళితో నెమ్మదిగా రాలే ఇరిడియం అనే లోహాన్ని కొలిస్తే కాలం తేలుతుందన్నారు. రసాయన శాస్త్రవేత్తలు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ కొలిచి చూస్తే ఇరిడియం చుట్టుపక్కల పొరలకంటే దాదాపు 30 రెట్లు ఎక్కువగా తేలింది! అంత ఇరిడియం ధూళి వల్ల మాత్రమే రావడం సాధ్యం కాదు. దాంతో అసలు ప్రశ్నే మారిపోయింది. ఆ ఇరిడియాన్ని తెచ్చింది భారీ గ్రహశకలమని, అది భూమిని ఢీకొనడం వల్లే డైనోసార్లు అంతరించాయని 1980లో ఆ నలుగురూ ప్రతిపాదించారు. 1991లో మెక్సికోలో అలా ఢీకొన్నచోట ఏర్పడిన చిక్షులూబ్ బిలం వెలుగులోకి రావడంతో ఆ వాదన బలపడింది. వాల్టర్ ఎన్నేళ్లు చదివినా ఒంటరిగా ఇంతదూరం వచ్చేవారు కాదని నా నమ్మకం.

అందుకే నా ఓటు జట్టుకే. అయితే చాలా ప్రాజెక్టుల్లో ఎవరి అధ్యాయం వాళ్లు రాసి, చివర్లో అన్నీ కలిపి కుట్టేస్తారు. దానికంటే రెండు శాస్త్రాలూ ఓపిగ్గా నేర్చుకున్న ఒక్క మనిషి పనే నయం. జట్టులో ప్రతివారికీ పక్కవారి శాస్త్రంలో కనీసం "ఈ కొలతలో ఎంత తేడా రావచ్చు?" అని అడిగేంత పరిజ్ఞానం ఉండి తీరాలి.

పీహెచ్‌డీ మొదలుపెట్టేవారు ముందు ఒక శాస్త్రంలో గట్టిగా నిలదొక్కుకోవాలి. డేటా ఇప్పటికే అందుబాటులో ఉండి, కావలసింది కొత్త పద్ధతి ఒక్కటే అయితే, అది నేర్చుకుని సొంతంగానే చేయొచ్చు. కొత్త పరికరాలో, క్షేత్రపరిశీలనో కావాలంటే మాత్రం తోడు వెతుక్కోండి, అదీ ప్రపోజల్ రాయకముందే. డేటా అంతా సేకరించాక పిలిస్తే, తప్పుగా ఎంచిన నమూనాలను ఏ గణాంక నిపుణుడూ సరిచేయలేడు.