ప్రపంచ స్థాయి పోటీయా, ఏటేటా వచ్చే క్లబ్ ర్యాలీయా: చిన్న పట్టణానికి ఏది మేలు?

కార్ ర్యాలీ జరిగితే ఊరికి నాలుగు డబ్బులు వస్తాయన్న మాటలో నిజముంది. అయితే ఎటువంటి ర్యాలీ, వచ్చినవారు ఎన్ని రాత్రులు ఉంటారు, వారు ఖర్చు చేసే సొమ్ము చివరికి ఎవరి చేతికి చేరుతుంది అన్న ప్రశ్నలకు జవాబు తేల్చుకోకుండా, ఆ ఒక్క మాటను నమ్ముకుని పురపాలక సంఘం నిధులు కేటాయించడం తొందరపాటే అవుతుంది. ర్యాలీ అన్న పేరు కింద మూడు వేర్వేరు వ్యవహారాలు నడుస్తున్నాయి. ఒకటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్థాయి పోటీ. రెండవది స్థానిక క్లబ్ ఏటా నిర్వహించే పోటీ. మూడవది, పాతకాలపు కార్లు నిర్దేశించిన సమయాలను పాటిస్తూ ఊరూరా సాగిపోయే యాత్ర వంటి ర్యాలీ.

వీటిని పోల్చే ముందు, సర్క్యూట్ రేసుకు లేని సౌలభ్యం ర్యాలీకి ఏముందో చెప్పుకోవాలి. రేసుకు సాధారణంగా ప్రత్యేకమైన ట్రాక్ నిర్మించాలి, ర్యాలీకి ఉన్న రోడ్లే చాలు. కొండదారి, అడవిలోని మట్టిరోడ్డు, పొలాల మధ్య మలుపులు తిరిగే ఇరుకు తారురోడ్డు మామూలు రోజుల్లో ఆ ప్రాంతానికి లోటుగా కనిపిస్తాయి, కానీ ర్యాలీ నిర్వాహకులు వెతికేది సరిగ్గా అటువంటి దారులనే. అంతేకాక ర్యాలీ ఒక్క పూటలో ముగిసేది కాదు. పోటీకి ముందు రెక్కీ ఉంటుంది. డ్రైవరు, కో-డ్రైవరు రోడ్డు మూసి, కార్లను ఒక్కొక్కటిగా వదిలి సమయం లెక్కించే ప్రతి స్పెషల్ స్టేజ్‌ను మామూలు వేగంతో, సాధారణంగా రెండుసార్లు, నడిపి చూసుకుంటారు. ప్రతి మలుపు ఎంత తీవ్రమైనదో, ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ రోడ్డు హఠాత్తుగా దిగిపోతుందో డ్రైవరు చెబుతుంటే, పక్కన కూర్చున్న కో-డ్రైవరు పేస్ నోట్స్‌లో రాసుకుంటారు. అందువల్ల ప్రేక్షకులు రాకముందే, వారం మధ్యలోనే పోటీదారులు ఊళ్లో దిగుతారు, వసతి గృహాలు నిండుతాయి. ఆర్థిక ప్రయోజనమంతా ఈ రాత్రుల లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. పగటిపూట వచ్చి చూసి వెళ్లిపోయే పదివేలమంది కన్నా, మూడు రాత్రులు బస చేసే వెయ్యిమంది పట్టణానికి ఎక్కువ మేలు చేస్తారని నా నమ్మకం.

ప్రపంచ స్థాయి పోటీ ఆకర్షణ తక్కువేమీ కాదు. 1953లో మొదలైన సఫారీ ర్యాలీ 2002 తరువాత ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమై, 2021లో కెన్యాలోని నైవాషా కేంద్రంగా తిరిగి వచ్చినప్పుడు, ఆ సరస్సు ఒడ్డు పట్టణం పేరు ప్రపంచమంతటా టీవీ తెరల మీద కనిపించింది. పట్టణం తన సొంత ఖర్చుతో ఆ స్థాయి ప్రచారాన్ని కొనుక్కోగలిగేది కాదు. ఫ్రాన్స్‌లోని గాప్ పట్టణం కూడా 2014 నుంచి కొన్నేళ్లపాటు మోంటే కార్లో ర్యాలీకి స్థావరంగా ఉండి, జనవరి చలిలో జట్లను, అభిమానులను తన వీధుల్లోకి రప్పించుకోగలిగింది.

అయితే అంత పెద్ద పోటీకి పగ్గాలు పట్టణం చేతిలో ఉండవు. 2022లో మోంటే కార్లో ర్యాలీ కార్లను బాగుచేసే స్థావరమైన తన సర్వీస్ పార్క్‌ను మొనాకోకు మార్చుకుంది, 2024లో మళ్లీ గాప్‌కు వచ్చింది. ఆ రెండు నిర్ణయాలు తీసుకున్నది పట్టణం కాదు, నిర్వాహకులు. స్వీడన్ అనుభవం ఇంకా కఠినమైనది. వార్మ్‌లాండ్ ప్రాంతంలోని టోర్స్‌బీ అన్న చిన్న పట్టణం 2020 వరకు ఆ దేశపు ప్రపంచ ర్యాలీకి స్థావరంగా ఉండేది. ఆ ఏడాది మంచు సరిపడా లేక చాలా స్టేజ్‌లను రద్దు చేయవలసి వచ్చింది, 2021లో కోవిడ్ వల్ల పోటీ జరగలేదు, 2022 నుంచి ర్యాలీ ఉత్తరాన మంచుకు భరోసా ఉన్న ఉమియో నగరానికి తరలిపోయింది. ఏటా ఫిబ్రవరిలో జరిగే ఆ ర్యాలీ రాబడి మీద ఆశ పెట్టుకుని గదులు కట్టుకున్నవారికి, సామగ్రి కొనుక్కున్నవారికి ఆ తరలింపు ఎంత భారమో ఊహించుకోవచ్చు.

పగ్గాల సంగతి అలా ఉంచి, సొమ్ము ప్రవాహాన్ని చూద్దాం. పెద్ద జట్లు తమకు కావలసిన సమస్తాన్నీ లారీల మీద వెంట తెచ్చుకుంటాయి. సర్వీస్ పార్క్‌లో కారు ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెకానిక్‌లు దాన్ని జాకీల మీదికి లేపి, దెబ్బతిన్న సస్పెన్షన్ భాగాన్నో గేర్‌బాక్స్‌నో ఊడదీసి కొత్తది బిగిస్తారు. ఆ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినది, బిగించినవారు జట్టు ఉద్యోగులు, వారికి భోజనం పెట్టేది కూడా జట్టు వెంట వచ్చిన వంటవారే. కళ్లెదుట అంత సందడి జరుగుతున్నా, వీధి చివర మెకానిక్ షెడ్డుకు అందులో దక్కే పని స్వల్పం. దానికి తోడు ఆతిథ్యం కోసం స్థానిక ప్రభుత్వాలు నిర్వాహకులకు రుసుము చెల్లించవలసి వస్తే, ఊరికి వచ్చినదెంతో ఊరి నుంచి పోయినదెంతో తేల్చడం మరింత కష్టమవుతుంది. ర్యాలీ రద్దీని చూసి మామూలు పర్యాటకులు ఆ వారం రాకుండా ఆగిపోతే, వారి ఖర్చును కూడా ఆ లెక్కలోంచి తీసివేయాలి. ప్రయోజనాన్ని గొప్పగా చూపే నివేదికలు ఈ తీసివేతను తరచుగా మరచిపోతుంటాయి.

పాత కార్ల యాత్ర గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఇటలీలోని మిల్లె మిల్యా దీనికి మేటి ఉదాహరణ. 1927 నుంచి 1957 వరకు వేగపు పోటీగా సాగి, 1957లో గ్విదిత్సోలో వద్ద ప్రేక్షకులను బలిగొన్న ప్రమాదంతో ఆగిపోయిన ఆ పోటీని, 1977 నుంచి పాత కార్ల ర్యాలీగా బ్రెషా నుంచి రోమ్‌కు, అక్కడి నుంచి తిరిగి బ్రెషాకు నడుపుతున్నారు. దారిలోని చిన్న పట్టణాల కూడళ్లలో జనం గుమిగూడి చప్పట్లు కొడతారు. ఆ పట్టణాలకు అది అందమైన పండుగ, రోడ్లకు నష్టం లేదు, ప్రమాదం తక్కువ. కానీ కార్లు గంటలోనో రెండు గంటల్లోనో దాటిపోతాయి. రాత్రి బస దక్కని పట్టణానికి మిగిలేది ఒక పూట వ్యాపారమే.

ఇక క్లబ్ ర్యాలీ. స్కాట్లాండ్ పడమటి తీరంలోని మల్ ద్వీపంలో 1969లో మొదలైన ర్యాలీని చూస్తే దీని విలువ తెలుస్తుంది. ద్వీపం జనాభా దాదాపు 3,000. పోటీ జరిగేది అక్టోబరులో, వేసవి పర్యాటకులు వెళ్లిపోయి వసతి గృహాలు ఖాళీ అవుతున్న వేళ. ద్వీపానికి రావాలంటే ఫెర్రీ ఎక్కాలి కనుక, పోటీ చూడాలనుకున్నవారు సహజంగానే రాత్రికి ఆగుతారు. పోటీదారుల్లో చాలామంది సొంత డబ్బుతో వచ్చే ఔత్సాహికులు. వారికి జట్టు లారీలు ఉండవు. ఇరుసు వంగితే వెల్డింగ్ చేసేవారి కోసం ఊళ్లోనే వెతకాలి, టైరు, పెట్రోలు, భోజనం ఊళ్లోనే కొనాలి. అంటే ప్రేక్షకులు తక్కువైనా, వారు పెట్టే ప్రతి రూపాయిలో ఊళ్లో నిలిచే వాటా ఎక్కువ. అదే జనం ఏటా అదే వారానికి వస్తారు కాబట్టి, వసతి గృహం నడిపేవారు ముందుగానే ఏర్పాట్లు చేసుకోగలుగుతారు.

క్లబ్ ర్యాలీలకూ గండాలు లేకపోలేదు. 2014లో స్కాట్లాండ్‌లోని జిమ్ క్లార్క్ ర్యాలీలో ముగ్గురు ప్రేక్షకులు మరణించారు. ఆ ర్యాలీ మళ్లీ జరగడానికి 2019 దాకా పట్టింది. మల్ ర్యాలీ కూడా 2017, 2018 సంవత్సరాల్లో జరగక, 2019లో తిరిగి మొదలైంది. భద్రత, బీమా, రోడ్ల మూసివేతకు కావలసిన చట్టపరమైన అనుమతి గట్టిగా లేనిచోట ఎన్నేళ్ల సంప్రదాయమైనా ఒక్కసారిగా ఆగిపోగలదు. మనిషి ప్రాణానికి ఏ రాబడీ సాటి రాదు కనుక, దారి పొడవునా భద్రత చూసే మార్షల్స్‌ శిక్షణకు, ప్రేక్షకులను ప్రమాదకరమైన మలుపుల నుంచి దూరంగా నిలిపే ఏర్పాట్లకు పెట్టే ఖర్చులో కోత పెట్టే నిర్వాహకులకు ఏ పట్టణమూ అనుమతి ఇవ్వకూడదు.

స్టేజ్ దారిలో నివసించేవారి కష్టం కూడా ఈ లెక్కలో చేరాలి. లాభం పట్టణంలోని వసతి గృహానికి, ఇబ్బంది దారి పక్క పల్లెకు అన్నట్టు తయారైతే మరుసటి ఏడాది వ్యతిరేకత తప్పదు. పొద్దున్నే పాలు పోసి రావలసిన రైతుకు రోడ్డు ఎన్ని గంటలకు మూస్తారో, ఎన్నింటికి తెరుస్తారో ఇంటికి వెళ్లి ముందే చెప్పాలి. అత్యవసరంగా ఆసుపత్రికి పోవలసి వస్తే పోటీని ఆపి దారి ఇవ్వాలి. ఒకే మట్టిరోడ్డు మీద కార్లు రెండోసారి వచ్చేసరికి లోతైన గాళ్లు పడతాయి కనుక, వాటిని పూడ్చి రోడ్డును సరిచేసే బాధ్యతను గడువుతో సహా ఒప్పందంలో రాయించుకోవాలి.

ఇన్నిటినీ తూచి చూసినప్పుడు, చిన్న పట్టణం ఒకదాన్నే ఎంచుకోవలసి వస్తే ఏటా జరిగే క్లబ్ ర్యాలీనే ఎంచుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. పెద్ద పోటీ తలుపు తడితే కాదనమని చెప్పడం లేదు. కానీ కనీసం మూడేళ్లకైనా కట్టుబడకుండా, వసతిని ఊళ్లోని గదుల్లోనూ భోజనాన్ని ఊరి వంటవారి చేతనూ ఏర్పాటు చేసుకుంటామని రాసివ్వకుండా, ప్రజల సొమ్ము నుంచి ఆతిథ్య రుసుము మాత్రం కోరితే, ఆ ఒప్పందం మీద పురపాలక సంఘం సంతకం చేయకూడదు.