ఎఫ్-150 ఫోర్‌వీల్ పట్టుకోకపోతే: ముందు కొనాల్సింది హ్యాండ్ వాక్యూమ్ పంపు

నాబ్ 4హెచ్‌కి (నాలుగు చక్రాలూ లాగే మోడ్‌కి) తిప్పారు, డాష్‌లో లైటూ వెలిగింది, అయినా మంచులో వెనక చక్రాలే గిర్రున తిరుగుతున్నాయి. ఫోర్డ్ ఎఫ్-150లో ఇలా అయితే చాలామంది నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు చక్రాలకూ పంచే గేరు పెట్టె) షిఫ్ట్ మోటారుకి ఆర్డరు పెట్టేస్తారు. ఆ డబ్బు తీసే ముందు గేజ్ ఉన్న హ్యాండ్ వాక్యూమ్ పంపు ఒకటి కొనండి. టెక్సస్‌లో ఏళ్ల తరబడి 2హెచ్‌లోనే (వెనక చక్రాలు మాత్రమే లాగే మోడ్‌లోనే) నడిచిన ట్రక్కుతో మిన్నెసోటా వెళ్లే మనవాళ్లకు ఇది మరీ అవసరం.

2004 తరం నుంచి ఈ ట్రక్కుల్లో ముందు హబ్బులను యాక్సిల్ నుంచి విడదీసి ఉంచేది ఇంజన్ వాక్యూమే, అంటే ఇంజన్ గాలి పీల్చే శక్తే. అది ఆగగానే లోపలి స్ప్రింగు రింగును తోసి చక్రాన్ని యాక్సిల్‌కి కలుపుతుంది. అందుకే ఎక్కడైనా లీకుంటే హబ్బు సగం సగం కలిసి 2హెచ్‌లో గరగరమంటుంది. ఫోర్‌వీల్ అసలే పట్టుకోనప్పుడు మాత్రం లీకు వెతకడం దండగ. వాక్యూమ్ వదలకపోయి ఉండాలి, హబ్బు బిగుసుకుపోయి ఉండాలి, లేదా ట్రాన్స్‌ఫర్ కేసే మారి ఉండదు. ఈ మూడింట్లో ఏదో తేల్చడానికే పంపు.

ఇంజన్ ఆపి, నాబ్ 2హెచ్‌లో ఉంచి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, ముందు చక్రాన్ని లేపి స్టాండు మీద నిలపండి. హబ్బు దగ్గర రెండు గొట్టాలుంటాయి, ఒకటి వాక్యూమ్‌కి, ఒకటి గాలి వదలడానికి. వాక్యూమ్ గొట్టం పీకి, అక్కడ పంపు తగిలించి గేజ్ మీద 15–20 అంగుళాలు (పాదరసం అంగుళాల్లో వాక్యూమ్ కొలత) వచ్చేదాకా లాగండి. చక్రం తిప్పితే యాక్సిల్ కదలకూడదు, ముల్లు ఒక నిమిషమైనా నిలబడాలి. ఇప్పుడు వాక్యూమ్ వదిలి చక్రాన్ని మెల్లగా తిప్పండి. టక్కుమని కలిసి యాక్సిల్ కూడా తిరిగితే హబ్బు బాగున్నట్టే. రెండో వైపూ ఇలాగే చూడాలి.

తర్వాత ట్రక్కు వైపు నుంచి వచ్చే గొట్టానికి గేజ్ పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. 2హెచ్‌లో ముల్లు పైకి లేవాలి, 4హెచ్‌లో సున్నాకి పడిపోవాలి. పడకపోతే తప్పు బ్యాటరీ పక్కన ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీదుండే సోలెనాయిడ్‌ది, అంటే వాక్యూమ్‌ని ఆపి వదిలే కరెంటు వాల్వుది, లేదా దాని వైరింగుది. కనెక్టరులో నీళ్లు, తుప్పు ఉన్నాయేమో, గాలి పీల్చే దారి మూసుకుందేమో చూడండి. డెన్వర్‌లాంటి ఎత్తైన ఊళ్లలో ఐడిల్ వాక్యూమే నాలుగైదు అంగుళాలు తక్కువ చూపిస్తుంది, దాన్ని లోపమనుకోవద్దు.

ముల్లు సున్నాకి పడి, హబ్బులూ కలుస్తుంటే అనుమానం ట్రాన్స్‌ఫర్ కేస్ మీదికి వెళ్తుంది. 4హెచ్ ఎంచుకుని, పార్కులో పెట్టి, ఇంజన్ ఆపి, ముందు డ్రైవ్‌షాఫ్టును చేత్తో తిప్పండి. తిరిగితే కేస్ మారలేదు. ఇక్కణ్నుంచి పంపు చేసేదేమీ లేదు, స్కానర్‌తో కోడ్లు చదవాల్సిందే.

పంపుల్లో లోహపు బాడీ, పెద్ద గేజ్ ఉన్నదే తీసుకోండి. చవక ప్లాస్టిక్‌వాటిలో గొట్టం జాయింటే లీకవుతుంది. ఆ లీకును హబ్బుకి అంటగట్టి మంచి హబ్బును మార్చేస్తారు. పెట్టె విప్పగానే గొట్టం చివర మూసి 20 అంగుళాలు లాగి అయిదు నిమిషాలు చూడండి, ముల్లు జారితే వెంటనే వాపసు చేయండి. కిట్‌లోని బాటిల్‌తో బ్రేకు బ్లీడింగూ (బ్రేకు గొట్టాల్లో గాలి తీయడం) చేసుకోవచ్చు, కానీ బ్రేకు ఆయిల్ పంపులోకి పోతే సీళ్లు ఉబ్బి పాడవుతాయి, బాటిల్ సగం నిండకముందే ఒంపేయాలి.