సెకండ్ హ్యాండ్ ఏడబ్ల్యూడీ కారు కొంటున్నారా? ముందు నాలుగు టైర్లూ చూడండి

వాడిన ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ పవర్ వెళ్లే) ఎస్‌యూవీ కోసం వెతుకుతున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి. నాకు తొంభై వేలు వదిలాక తెలిసిన సంగతి మీకు ఊరికే చెబుతున్నాను.

విశాఖలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులో బండి తీసుకున్నాను. డీజిల్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది, వెనక డోర్ మీద ఏడబ్ల్యూడీ అని తళతళలాడే బ్యాడ్జి. "ఫోర్ బై ఫోర్ సార్, ఏ కొండైనా ఎక్కేస్తుంది" అన్నాడు యార్డు అతను. ముందు రెండు టైర్లూ కొత్తవి. "మీ కోసమే వేయించాం సార్" అన్నాడు. సంబరపడిపోయాను. నా కొంప ముంచింది ఆ కొత్త టైర్లే.

ఏడు నెలల తర్వాత మబ్బులు చూద్దామని ఇంటిల్లిపాదీ పాడేరు దగ్గర వంజంగి కొండకు బయల్దేరాం. రాత్రంతా వాన. ఎర్రమట్టి సబ్బులా జారుతోంది. మొదటి మలుపు బాగానే ఎక్కింది. రెండో మలుపులో ముందు చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటే వెనకవి ఒక్కసారి తోశాయి, ఆగాయి, మళ్లీ కాస్త తోశాయి. ఇంతలో డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు. అంతే, వెనక చక్రాలు చచ్చుబడ్డాయి. ముందువి మాత్రం బురద చిమ్ముతూనే ఉన్నాయి. మా ఆవిడ చీకట్లో ఫోన్ లైటు పట్టుకుని చక్రాల కింద రాళ్లు పెడుతుంటే నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఆ సీను ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది, అది వేరే కథ.

మా వెనక వచ్చిన జీపు డ్రైవర్ తాడు కట్టి లాగాడు. బండి కిందకి వంగి చూసి, "దీనికి లో గేరు లేదు కదా బాబూ, ఎలా ఎక్కుద్ది అనుకున్నారు?" అన్నాడు.

నాకేం తెలుసు? నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తే అన్నీ ఒకటే అనుకున్నాను. ఒకటి కావు. థార్, జిమ్నీ, ఫార్చ్యూనర్ 4x4 లాంటివి పార్ట్ టైమ్ రకం. మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తాయి. మనం 4హెచ్ (మామూలు గేరుతో నాలుగు చక్రాలకూ పవర్) వేస్తే ముందు వెనకలు గట్టిగా ముడిపడిపోతాయి. 4ఎల్ వేస్తే లో గేరు వస్తుంది, నిటారు ఎక్కుడులో నడక వేగంతో కూడా బండి లాగేస్తుంది. కానీ ఈ రకాన్ని ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లాలి, మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మా బావ "సేఫ్టీకి మంచిది" అని హైవే మీద 4హెచ్‌లోనే తిప్పాడు. యూటర్న్‌లో టైర్లు కీచుమంటుంటే అప్పుడు ఫోన్ చేశాడు.

ఆ మధ్య డిఫరెన్షియల్ ఉన్నవి ఫుల్ టైమ్ రకం. ల్యాండ్ క్రూయిజర్ లాంటివి. వాటిని ఏ రోడ్డు మీదైనా నిశ్చింతగా నడపొచ్చు. మన బడ్జెట్లో అవి రావు కాబట్టి వదిలేద్దాం.

నేను కొన్నది మూడోది, ఆన్ డిమాండ్. గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, పాత డస్టర్ ఏడబ్ల్యూడీ ఈ కోవలోవే. దాదాపు ఎప్పుడూ ముందు చక్రాలే లాగుతాయి. అవి జారినప్పుడు వెనక చక్రాల మధ్యనున్న హౌసింగ్ (డిఫరెన్షియల్ పెట్టె) దగ్గర, ముందు వెనకలను కలిపే కప్లింగ్‌లోని క్లచ్ ప్లేట్లు బిగుసుకుని వెనక్కి పవర్ పంపుతాయి. వానలో, ఇసుకలో, పొలం గట్ల దగ్గర చక్కగా పనికొస్తుంది. మన వాడకానికి ఇదే సరిపోతుందని ఇప్పటికీ అంటాను. అయితే బురద ఎక్కుడులో అదే పనిగా చక్రాలు జారనిస్తే ప్లేట్లు వేడెక్కుతాయి, బండిలోని కంప్యూటర్ కప్లింగ్‌ను ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ పనిచేయాలి. నాది చేయలేదు.

ఎందుకో మెకానిక్ టైర్ల దగ్గర కూర్చోబెట్టి చూపించాడు. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ముందు వాటి మీద 1424, వెనక వాటి మీద 3119. కొత్తవాటి గ్రిప్పు లోతు 8 మిల్లీమీటర్లు, పాతవాటిది 3. ఐదు మిల్లీమీటర్లే కదా అన్నాను. చుట్టుకొలతలో అది 31 మిల్లీమీటర్లు. కిలోమీటరు నడిస్తే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య సుమారు 15 మీటర్ల తేడా పడుతుంది. చక్రం జారుతోందని కంప్యూటర్ పొరబడి తిన్నటి రోడ్డు మీద కూడా కప్లింగ్‌ను బిగిస్తూ ఉంటుంది. నెలల తరబడి ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. వంజంగిలో పోయింది ఆఖరి ఊపిరి మాత్రమే.

షికాగోలో ఉండే మా తమ్ముడి సుబారుకు ఒక టైరు పాడైతే షాపువాడు నాలుగూ మార్చమన్నాడు. దోచేస్తున్నాడని ఇద్దరం ఫోన్లో తిట్టుకున్నాం. పాపం, అతను చెప్పింది నిజమే.

కాబట్టి బండి చూడటానికి వెళ్తే మొదట నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే అరుగుదలా అని చూడండి. తేడా ఉంటే ఎన్నాళ్ల నుంచి అలా నడుపుతున్నారో అడగండి. తర్వాత చొక్కా మాసినా ఫర్వాలేదు, కిందకి వంగండి. మధ్యలో వెనక్కి పోయే షాఫ్టు, చివర హౌసింగు కనిపించాలి. బ్యాడ్జి ఉండి షాఫ్టు లేని బండి కూడా తన దగ్గరికి వచ్చిందని మా మెకానిక్ చెప్పాడు. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. పట్టేసినట్టు కుదుపులు వస్తే అనుమానించాల్సిందే. సర్వీస్ రికార్డులో కప్లింగ్ ఆయిల్ మార్చారా అన్నది వెతకండి. ఇంజిన్ ఆయిల్ రాసి ఇది రాయనివాళ్లే ఎక్కువ. ఇంకోటి, ఇలాంటి బండి ఆగిపోతే ముందు చక్రాలు లేపి ఈడ్చుకెళ్లనివ్వకండి. మొత్తం బండిని ఎక్కించుకునే లారీనే పిలిపించండి.

ఆ తొంభై వేల బిల్లు పట్టుకుని యార్డు అతనికి ఫోన్ చేశాను. అంతా విని, "కొండ మీదకి ఎందుకు తీసుకెళ్లారు సార్, అది సిటీ బండి కదా" అన్నాడు.